అడిగిందే అడుగుతాండాది

"ఏం మే, క్లాసులు అయిపోయినాయా?" అని మా అక్క ఫోన్లో అడిగిందంటే అది నా బాగోగుల కోసం కాదు, ఏదో చెడిపోయిందని అర్థం. మిక్సీ చెడిపోతే రిపేరు షాపుకు ఇస్తుంది, కుళాయి కారితే ప్లంబరును పిలుస్తుంది, తెర ఉండి కరెంటుతో నడిచేది ఏది మొరాయించినా నన్ను పిలుస్తుంది. ఆమె ఉండేది మైదుకూరులో, నేనుండేది కర్నూలులో. మధ్యలో నంద్యాల ఉంది, ఆళ్ళగడ్డ ఉంది, రెండు చోట్లా కంప్యూటర్ షాపులు ఉన్నాయి. అయినా నేనే రావాలి.

నిజానికి నేను చెప్పేది జూనియర్ కాలేజీలో ఫిజిక్సు. ఎప్పుడో మా ఇంట్లో ఒక పెళ్ళికి పాటల కాగితాలు అచ్చు వేస్తుంటే ప్రింటర్లో కాగితం ఇరుక్కుంది. అందరూ దాని చుట్టూ నిలబడి తలా ఒక మాట అంటున్నారు. నేను మూత తెరిచి కాగితాన్ని బయటికి లాగాను. అంతే, ఆ రోజు నుంచి మా బంధువర్గం మొత్తానికీ నేను ఇంజినీరును. కాదు మొర్రో అని చెప్పి చెప్పి నా నోరు నొప్పి పుట్టింది కానీ ఎవరూ వినలేదు. వింటే మళ్ళీ ఇంకొకరిని వెతుక్కోవాలి కదా.

ఆ రోజు అక్క చెప్పిన జబ్బు ఇది.

"లాప్‌టాప్ అడిగిందే అడుగుతాండాది మే."

"ఏమడుగుతాండాది?"

"పాస్‌వర్డు."

"అడిగితే కొట్టు."

"కొట్టినా. లోపలికి పోనిచ్చింది. పోయినంక మళ్ళా అడుగుతాండాది. వై-ఫై పెడితే అడుగుతాది, మెయిలు తెరిస్తే అడుగుతాది. వద్దు పో అని నొక్కితే పోతాది, నేను కళ్ళద్దాలు సర్దుకునే లోపల మళ్ళా వస్తాది. ఈగ మాదిరి."

"నువ్వేమన్నా చేసినావా దాన్ని?"

"నేనేం చేసినా? కొత్తది వచ్చింది, ఎక్కించుకుంటారా అని అడిగింది. ఊఁ అంటి."

మా అక్క బలహీనత అదే. మర్యాదగా అడిగితే ఎవరికీ దేనికీ కాదనలేదు. గుమ్మంలోకి వచ్చి "అక్కా" అన్న ప్రతి మనిషి దగ్గరా ఆమె ఒక చాపో, ఒక బకెట్టో కొన్నది. ఇక కంప్యూటర్ మాత్రం ఏం పాపం చేసింది? అది కొత్త వెర్షన్ వేసుకోమని బతిమాలింది, ఈమె సరేనంది. పొయ్యి మీద పప్పు పెట్టి వచ్చేసరికి పాత సిస్టమ్ పోయి కొత్తది కూర్చుంది.

నేను ఎప్పటిలాగే విసుక్కోబోతుంటే ఆమె గొంతు తగ్గించింది.

"మీ బావ డిస్కు పెట్టినా మే ఈ పొద్దు. అదీ తెరుచుకోల్యా. దానికీ అదే పాస్‌వర్డు అడిగే డబ్బా వస్తాండాది."

నా విసుగు అక్కడే ఆగిపోయింది.

మా బావ హైస్కూల్లో లెక్కల మాస్టారు, వాళ్ళ చర్చిలో పాటల జట్టుకు పెద్ద. రెండేళ్ళ కిందట ఆగస్టులో ఒక మధ్యాహ్నం స్కూలు నుంచి వచ్చి, గుండెల్లో మంటగా ఉందని పడుకున్నాడు, మళ్ళీ లేవలేదు. ఆయనకొక పిచ్చి ఉండేది. పాటలు నేర్పే ప్రతిసారీ లాప్‌టాప్ పక్కన పెట్టుకుని మొత్తం రికార్డు చేసేవాడు. పాట ఒక్కటే కాదు, మధ్యలో తిట్లూ, నవ్వులూ, టీ గ్లాసుల చప్పుడూ అన్నీ. అదంతా అరచేతిలో పట్టే నల్లటి హార్డ్‌డిస్కులో ఉంది. ఆయన పోయాక అక్క దాన్ని రుమాలులో చుట్టి బీరువాలో పెట్టేసింది. ఇన్నాళ్ళూ బయటికి తియ్యలేదు. వినే ధైర్యం రావడానికి ఆమెకు ఇంత కాలం పట్టింది, తీరా ధైర్యం వచ్చిన రోజున అది పాస్‌వర్డ్ అడిగింది.

"పాటలు పోతే పోయినాయి మే, పాటలు అందరూ పాడతారు. ఆయన మాట్లాడింది ఉండాది దాంట్లో. అది ఇంగ యాడా లేదు. పోకుండా చూడు."

శనివారం పొద్దున్నే బస్సెక్కాను.

మైదుకూరులో దిగేసరికి ఎండ నెత్తి మీదికి వచ్చింది. అక్క అలసంద వడలు చేసి పెట్టింది. ముందు తినాలి, తరవాతే పని అంది. ముందు పని, తరవాతే తిండి అన్నాను నేను. ఆమె వడల పళ్ళెం తెచ్చి లాప్‌టాప్ మూత మీద పెట్టింది. కాబట్టి ముందు తిన్నాం.

తిన్నాక మూత తెరిచి, అక్క చెప్పిన పాస్‌వర్డ్ కొట్టి లోపలికి వెళ్ళాను. వెళ్ళీ వెళ్ళగానే వచ్చింది ఆ డబ్బా. తెర నడిమధ్యలో, చిన్నగా, ఎంతో వినయంగా. మీరు కంప్యూటర్లోకి రావడానికి వాడిన పాస్‌వర్డూ, మీ తాళాల గుత్తి పాస్‌వర్డూ ఇప్పుడు ఒకటి కావు అని ఇంగ్లీషులో చెప్పి, పాతది ఇమ్మని చెయ్యి చాచింది. వద్దని నొక్కాను. పోయింది. వై-ఫై అడిగింది. వద్దన్నాను. మెయిలు అడిగింది. వద్దన్నాను. డిస్కు తగిలించాను. డిస్కు కోసం మళ్ళీ మొదటిదే వచ్చింది. నాకు తిక్క రేగి లాప్‌టాప్ మూసేసి తెరిచాను. మూసి తెరిచినందుకు కూడా అడిగింది. అక్క నా పక్కన కూర్చుని, నేను చెప్పల్యా అన్నట్టు తల ఊపుతూనే ఉంది.

సంగతి నాకు అర్థం కావడానికి కొంతసేపు, అక్కకు అర్థమయ్యేలా చెప్పడానికి ఇంకా ఎక్కువసేపు పట్టింది.

"ఇది ఇల్లనుకో అక్కా. వీధి తలుపుకు ఒక బీగం. లోపల బీరువాకు ఇంకో బీగం. వై-ఫై చెవి, మెయిలు చెవి, ఈ డిస్కు చెవి అన్నీ ఆ బీరువాలో గుత్తిగా ఉంటాయి. బావ వీధి తలుపుకూ బీరువాకూ ఒకే చెవి పెట్టుకున్యాడు. తలుపు తీస్తానే బీరువా గూడా దానంతట అదే తెరుచుకునేది. బావ పోయినంక నువ్వు కడపలో కంప్యూటర్ షాపాయనతో వీధి తలుపు బీగం మార్పించినావు. బీరువాది మార్చల్యా. అది ఇంకా పాత చెవే అడుగుతాండాది."

"అయితే ఇన్ని దినాలు ఏంటికి అడగల్యా?"

"పాత సిస్టమ్ బీరువా జోలికి పోకుండా వసారాలోనే కాలం గడిపింది. కొత్తది అడుగు పెడ్తానే బీరువా తెరవమంటాండాది."

"కొత్త కోడలు," అంది అక్క.

షాపాయన తప్పేమీ లేదు. బావ పోయిన కొన్నాళ్ళకు అక్క లాప్‌టాప్‌ను సంచిలో పెట్టుకుని కడపకు పోయి, మా ఆయన పాస్‌వర్డ్ నాకు తెల్దు, లోపలికి పోయే దారి చూపించండి అని అడిగింది. ఆయన చూపించాడు. కొత్త పాస్‌వర్డ్‌గా ఊరి పేరు పెట్టి, మరిచిపోకుండా ఉంటుందన్నాడు. లోపల ఇంకో బీరువా ఉందని ఆయనకు ఎవరూ చెప్పలేదు, ఆయనా అడగలేదు.

ఇంటర్నెట్‌లో మందు వెతికాను. అందరూ ఒకే మందు చెప్పారు. ఆ తాళాల గుత్తిని తుడిచెయ్యండి, కొత్త గుత్తి దానంతట అదే పుడుతుంది, ఇక అడగదు, చిటికెలో పని. ఒకాయనైతే చివర్లో నవ్వు మొహం బొమ్మ కూడా పెట్టాడు. నా ఒళ్ళు మండిపోయింది. గుత్తి తుడిచేస్తే వై-ఫై పాస్‌వర్డ్ మళ్ళీ కొట్టుకోవచ్చు, మెయిలుదీ కొట్టుకోవచ్చు. డిస్కు తాళంచెవి మాత్రం ఈ లోకంలో ఆ గుత్తిలో తప్ప ఇంకెక్కడా లేదు. బావ దానికి ఎవరూ ఊహించలేనంత పొడుగు పాస్‌వర్డ్ పెట్టి, గుర్తుపెట్టుకునే పని కంప్యూటర్‌కే అప్పజెప్పాడు. అసలు డిస్కుకు అంత తాళం ఎందుకయ్యా అంటే, అంతకు ముందొకసారి మా అక్క లాప్‌టాప్‌లో చోటు చాలట్లేదని ఒక క్రిస్మస్ పాటలన్నీ తుడిచేసి, ఇల్లు ఊడ్చినంత తృప్తిగా ఆయనకు చెప్పింది.

కాబట్టి గుత్తి తుడిస్తే ఈ పీడా పోతుంది, బావ గొంతూ పోతుంది. గొంతు ఉండాలంటే పాత పాస్‌వర్డ్ కావాలి.

పాత పాస్‌వర్డ్ దొరకడం కష్టం కాదనే అనుకున్నాను. బావ పాస్‌వర్డ్ పెట్టే పద్ధతి మా ఇంట్లో తెలియనివాళ్ళు లేరు. మా చర్చిల్లో కొత్త సంవత్సరం మొదటి రోజు ఆరాధన అయ్యాక, స్టీలు పళ్ళెంలో చిన్న చిన్న కార్డులు బోర్లించి తెస్తారు. ఒక్కో కార్డు మీద ఒక్కో వాగ్దానం ఉంటుంది. కళ్ళు మూసుకుని ఒకటి తియ్యాలి. ఆ ఏడాదంతా దేవుడు నీకిచ్చిన మాట అదే. తీసింది తిరిగి పెట్టకూడదు, నచ్చలేదని ఇంకోటి తియ్యకూడదు. మా అక్క ఒక ఏడు రెండు అంటుకుని వచ్చాయని చెప్పి రెండూ ఉంచేసుకుని, పాస్టరమ్మ దగ్గర చీవాట్లు తింది. ఇంటికొచ్చి బిర్యానీ తిన్నాక బావ లాప్‌టాప్ ముందు కూర్చుని, తన కార్డులో ఉన్న ముఖ్యమైన మాటను ఆ ఏటి పాస్‌వర్డ్‌గా పెట్టేవాడు. దినాము దేవుని మాట తలుచుకున్నట్టూ ఉంటాది, కంప్యూటర్ భద్రంగానూ ఉంటాది అనేవాడు. భద్రం సంగతి ఆ దేవుడికే తెలియాలి. చాలా ఏళ్ళు ఆయన కార్డు తీసిన చోటే గట్టిగా చదివి అందరికీ వినిపించాడు. ఆ వీధిలో పిల్లికి కూడా మా బావ పాస్‌వర్డ్ తెలుసు.

మొన్న జనవరిలో నేను మైదుకూరులోనే ఉన్నాను. పళ్ళెం మా వరసలోకి వచ్చినప్పుడు అక్క కార్డు తియ్యకుండా పక్కామెకు అందించేసింది. ఏమని అడిగితే, చేతులు తడిగా ఉండాయి అంది. నేను నమ్మాను.

"బావ మార్చినప్పుడల్లా బీరువా బీగం గూడా దాంతో పాటే మారింటాది. కాబట్టి ఆఖరి కార్డు మాట కావాల్ల. ఆ యేడు బావకు ఏమొచ్చింది?" అని అడిగాను.

"తెల్దు."

"గుర్తు చేసుకో."

"తెల్దు అంటాండా గదా. ఆ యేడు మార్చినాడో లేదో గూడా. పాతవి కొట్టి చూడు."

నేను అక్క మొహంలోకి చూశాను. ఈమె ఎవరి పెళ్ళికి ఎవరు ఏ రంగు చీర కట్టుకున్నారో చెబుతుంది. ఏ పెళ్ళిలో ఏ పంక్తికి కూర తక్కువైందో చెబుతుంది. మొగుడికి వచ్చిన ఆఖరి వాగ్దానం మాత్రం తెలియదట. అనుమానం వచ్చింది కానీ అడగడానికి నోరు రాలేదు. సరే, పాతవే కొడదాం అనుకున్నాను.

పాతవి గుర్తు చేయడానికి అక్క డోలక్ అన్నను పిలిపించింది. ఆయన జట్టులో బావకు కుడిభుజం. ఊరి బయట పసుపు పండిస్తాడు, ఆదివారం డోలక్ వాయిస్తాడు. భుజం మీద తువ్వాలుతో వచ్చి, లాప్‌టాప్‌కు కొంచెం దూరంగా కుర్చీ వేసుకుని కూర్చున్నాడు, అది కరుస్తుందేమోనన్నట్టు.

"ఊటలు అని కొట్టమ్మా," అన్నాడు. "ఎండిన నేలలో ఊటలు పుడతాయని వచ్చింది అన్నకు. ఆ యేడే నా బోరు ఎండిపాయ. నేను పోయి అడిగినా, ఏమన్నా, ఊటలు నీకు, ఎండేది నాకా అని. కార్డు తీసింది నేను గదప్పా, నీ బోరుకు యాడ తెలుస్తాది అన్యాడు."

ఊటలు కొట్టాను. డబ్బా కాదంది.

"నివాసం," అంది అక్క. "నెమ్మదైన నివాసం అని వచ్చింది. ఆ యేడు మేము మారినన్ని ఇండ్లు ఇంగెప్పుడూ మారల్యా. ఒకింట్లో చెదలు, ఒకింట్లో కోతులు, ఒకింట్లో ఇంటి ఓనరు."

నివాసం కొట్టాను. కాదంది.

"సమాధానం కొట్టు," అన్నాడు డోలక్ అన్న. "అందరితో శాంతి సమాధానంగా ఉంటావని వచ్చిన ఆ యేడే గదక్కా హార్మోనియమా, కీబోర్డా అని జట్టు రెండుగా చీలింది. ఆడోళ్ళు ఒక దిక్కు, మొగోళ్ళు ఒక దిక్కు. పాట పాడేటప్పుడు తప్ప మాటల్లేవు."

సమాధానం కూడా కాదు. సమృద్ధి కాదు. అది వచ్చిన ఏడు వానల్లేక స్కూల్లో నీళ్ళకు పిల్లలు సీసాలు మోసుకొచ్చారట. ఆశ్రయం కాదు, ఆనందం కాదు. ఆనందం అని వచ్చిన ఏడు బావకు పంటి నొప్పి పట్టుకుని, దవడకు గుడ్డ కట్టుకునే పాటలు నేర్పించాడని డోలక్ అన్న దవడ పట్టుకుని చేసి చూపించాడు. అక్క పడీ పడీ నవ్వింది, కొంగుతో కళ్ళు తుడుచుకుంది, మళ్ళీ నవ్వింది. నేనూ నవ్వలేక పొట్ట పట్టుకున్నాను. డబ్బా మాత్రం మేము ఎన్ని తప్పులు కొట్టినా కోపం తెచ్చుకోలేదు, అదే వినయంతో మళ్ళీ అడిగింది. అంత ఓర్పు నాకుంటే నా క్లాసులో పిల్లలు ఈపాటికి బాగుపడేవాళ్ళు.

నవ్వు కాస్త తగ్గాక డోలక్ అన్న అన్నాడు.

"ఆఖరి యేడు మాత్రం అన్న కార్డు చదవల్యా అక్కా. నేను పక్కనే ఉండా. చూసినాడు, శానా నగినాడు. ఇంగ మీకు నాతో తప్పదప్పా, శానా దినాలు భరించాల్ల నన్ను అని జోబులో పెట్టుకున్యాడు. దాంట్లో ఏముండెనో మరి."

అన్నాక ఆయనకే తన మాట వినబడినట్టుంది. తువ్వాలు మడతపెట్టడం మొదలుపెట్టాడు. అక్క లేచి వంటింట్లోకి వెళ్ళిపోయింది.

నేను వెనకే వెళ్ళాను. ఆమె గిన్నెలో బియ్యం పోసి కడుగుతోంది. అంతకు ముందే కడిగిన బియ్యం అవి.

"నీకు తెలుసు గదక్కా."

బియ్యంలో నీళ్ళు ఇంకోసారి వంచింది.

"కడపలో షాపాయనకు తెల్దని చెప్పినప్పుడు గూడా తెలుసు."

"తెలుసు మే," అంది బియ్యంలోకి చూస్తూనే. "దీర్ఘాయువు. అదీ ఆయనకొచ్చింది. జనవరిలో దీర్ఘాయువు ఇస్తా అని చేతిలో పెట్టి, ఆగస్టులో తీసకపాయ. ఆయన దినాము పొద్దున్నే ఆ మాట కొట్టి కంప్యూటర్ తెరిచేది. పోయిన దినం పొద్దున గూడా కొట్టినాడు. నేను టీ ఇస్తా చూసినా. ఆ కార్డు పొయ్యిలో వేసినా. ఆ మాట ఇంగ నా నోటితో అననూ, నా చేత్తో కొట్టనూ అనుకున్యా. అందుకే షాపుకు పోయినా."

నాకు ఏడుపు ఆగలేదు. ఇన్నాళ్ళూ ఈమె ధైర్యంగానే ఉంది, వంట చేసుకుంటోంది, చర్చికి పోతోంది, చాపలు కొంటోంది అని నేను కర్నూలులో నిశ్చింతగా ఉన్నాను. ఈమె మాత్రం ఒక్క మాటను తప్పించుకోవడానికి కడప దాకా పోయి తాళం మార్పించుకొచ్చింది.

"తుడిచెయ్ మే," అంది. "అన్నీ తుడిచెయ్. నన్ను అడగకుండా ఉంటే సాలు."

అప్పుడు నాకు ఎక్కడ లేని కోపం వచ్చింది. "డిస్కు బయటికి తీసింది నువ్వు. ఆయన గొంతు పోకుండా చూడమన్నది నువ్వు. నన్ను ఎండలో బస్సెక్కించింది నువ్వు. ఇప్పుడు తుడవమనేదీ నువ్వేనా? రేపు పొద్దున మళ్ళా కావాలంటే యాడినుంచి తెస్తాం? నేను తుడవను. నీ చేత్తో కొట్టద్దు, మాట చెప్పినావు గదా, నేనే కొడతా."

విసవిసా వచ్చి లాప్‌టాప్ ముందు కూర్చున్నాను. డబ్బా అక్కడే ఉంది. మొదటి అక్షరం మీద వేలు పెట్టాను. నా వెనక గాజుల చప్పుడు వినిపించింది.

"లెయ్ మే."

లేచాను. అక్క కొంగుతో చేతులు తుడుచుకుని కూర్చుంది. కళ్ళద్దాలు పెట్టుకుంది. "ఆయన నా ఒక్కదానికే చెప్పిన మాట నువ్వు కొట్టేదేంది," అని గొణిగింది. ఒక్క వేలితో, ఒక్కో అక్షరం వెతుక్కుంటూ కొట్టింది. మధ్యలో ఆగింది. నేను తొందరపెట్టలేదు, నా జన్మలో అంతసేపు నోరు మూసుకుని ఉన్నది అప్పుడే. చివరి అక్షరం కొట్టి, ఎంటర్ నొక్కి, రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుంది.

డబ్బా పోయింది. మళ్ళీ వస్తుందేమోనని ముగ్గురం తెర వైపే చూస్తూ ఉన్నాం. రాలేదు. వై-ఫై తనంతట తానే కలిసింది. ఇన్నాళ్ళ మెయిళ్ళు ఒకదాని మీద ఒకటి వచ్చి పడ్డాయి. తెర అంచున డిస్కు బొమ్మ కనిపించి, తెరుచుకుంది. లోపల బావ పెట్టిన పేర్లతో రికార్డులు వరసగా ఉన్నాయి. అక్క ఏదో ఒకదాని మీద నొక్కింది.

మొదట ఫ్యాను చప్పుడు వచ్చింది. తరవాత ఎవరో గ్లాసు కింద పెట్టారు. తరవాత బావ.

"డోలక్ బిగించినావాప్పా, ఇంకా నిద్రపోతాండాదా అది?"

"బిగించినా అన్నా," అన్నాడు డోలక్ అన్న, కుర్చీలోంచి సగం లేచి.

"సరే. ఈ పొద్దు ఆడోళ్ళ వరసలో ఎవురో శ్రుతి మీదెక్కి తొక్కతాండారు. పేరు చెప్పను. పేరు చెప్తే రాత్రికి నాకు సంగటి దొరకదు."

రికార్డులో అందరూ నవ్వారు. వాళ్ళలో మా అక్క నవ్వు నాకు స్పష్టంగా వినిపించింది. కుర్చీలో కూర్చున్న అక్క మాత్రం నవ్వలేదు. కళ్ళనిండా నీళ్ళతో తెర వైపు వేలు చూపించి, "నేను కాదు తప్పింది, నా పక్కనామె," అంది. ఆ రోజు చెప్పలేకపోయిన జవాబు అనుకుంటాను.

"మళ్ళా మొదట్నుంచి," అన్నాడు బావ.

సాయంత్రం దాకా విన్నాం. డోలక్ అన్న రెండుసార్లు పోతానని లేచి రెండుసార్లూ కూర్చున్నాడు. అక్క ఏడ్చింది, నవ్వింది, అన్నం మాడబెట్టింది. మాడిన అన్నమే పచ్చిపులుసుతో తిన్నాం.

మరుసటి రోజు బయలుదేరే ముందు నాలోని ఇంజినీరుకు తన పని గుర్తొచ్చింది. పాత పాస్‌వర్డ్ తెలిసింది కాబట్టి ఇక మిగిలింది సులువు. తాళాల గుత్తి సర్దుకునే చోటికి పోయి, పాతది ఒక్కసారి ఇచ్చి, వీధి తలుపుకు ఉన్న కొత్త మాటే దానికీ పెడితే, రెండూ మళ్ళీ ఒకటవుతాయి. అక్కను పిలిచి గర్వంగా చెప్పాను.

"ఇది ఒక్కటి నొక్కితే ఇంగ నిన్ను జన్మలో అడగదు."

"వద్దు," అంది అక్క.

"వద్దంటే మళ్ళా అడుగుతాది."

"వై-ఫైకి, మెయిలుకు, అన్నింటికీనా?"

"లేదు. కంప్యూటర్ తెరిచినప్పుడు ఒక్కసారి. నువ్వు చెప్తే ఆ పొద్దుకు ఇంగ అడగదు."

"అడగనీ మే," అంది. "ఆ మాట గురించి దేవునికీ నాకూ ఇంకా తేలల్యా. అది మేము చూసుకుంటాం. కానీ ఆయన గొంతు దాని ఎనకాలే ఉండాది గదా. ఆయన దినాము కొట్టింది, నేను కొడతా."

ఆమెతో వాదించి గెలిచినవాళ్ళు లేరు. నా వేలు వెనక్కి తీసుకున్నాను. డబ్బాను ఆపడానికి వచ్చిన ఇంజినీరు డబ్బాను అలాగే ఉంచి బస్సెక్కింది. ఈ విషయం మా బంధువులకు తెలిస్తే నా బిరుదు పోతుందేమోనని ఆళ్ళగడ్డ దాకా ఆశపడ్డాను.

తరవాతి వారం కాలేజీ అయిపోయి ఆటో కోసం నిలబడి ఉంటే ఫోన్ మోగింది.

"ఏం మే, క్లాసులు అయిపోయినాయా?"

"ఏం చెడిపోయింది?"

"ఏం చెడిపోల్యా. ఊరికే చేసినా."

నమ్మబుద్ధి కాలేదు. "ఆ డబ్బా? ఇంకా అడుగుతాండాదా?"

"అడుగుతాండాది," అంది అక్క. "చెప్తాండా."